ఆ ఒడ్డున పగడాలు, ఈ ఒడ్డున నదులు

కళింగపట్నం బీచ్‌లో గుప్పెడు ఇసుక తీసి అరచేతిలో పరిస్తే మూడు రంగులు కనిపిస్తాయి. ఎక్కువ భాగం గోధుమ రంగు. మధ్యలో ఇనుప రజను లాంటి నల్లటి రేణువులు, అక్కడక్కడా విరిగిన దానిమ్మ గింజల్లా ఎర్రటివి. నల్లవి ఇల్మనైట్, ఎర్రవి గార్నెట్. తూర్పు కనుమల రాళ్లు వేల ఏళ్లుగా అరిగి, వంశధార మోసుకొచ్చి ఒడ్డున పోసిన సరుకు ఇది. అండమాన్‌లో హావ్‌లాక్ అని అందరూ పిలిచే స్వరాజ్ ద్వీప్‌లో అదే గుప్పెడు ఇసుక తీస్తే బియ్యప్పిండిలా తెల్లగా ఉంటుంది. అందులో చాలా భాగం పగడాల పొడి, గవ్వల ముక్కలు. చిలక ముక్కు లాంటి గట్టి నోరున్న పారట్ ఫిష్ పగడపు రాయిని కొరికి, దాని మీది నాచును తిని, మిగిలిన సున్నాన్ని ఇసుకగా విసర్జిస్తుంది. పర్యాటకులు మురిసిపోయి ఫొటోలు దిగే ఆ తెల్లటి తీరంలో కొంత భాగం చేప కడుపులోంచి వచ్చిందే.

ఈ రెండు ఒడ్లకూ మధ్య ఉన్నది ఒకే బంగాళాఖాతం. శ్రీకాకుళం జిల్లాకు ఆ దీవులు పరాయివి కూడా కావు. సోంపేట, పలాస, ఇచ్ఛాపురం వైపు చాలా ఊళ్లలో అండమాన్‌లో స్థిరపడ్డ చుట్టం ఎవరో ఒకరు ఉంటారు. ఇప్పుడు శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో తెలుగు మత్స్యకార కుటుంబాలు తరాలుగా ఉన్నాయి. విశాఖలో ఓడ ఎక్కితే రెండు మూడు రోజుల ప్రయాణం. అలా వెళ్లొచ్చినవాళ్లు చెప్పే మాట ఒకటే: అక్కడ నీళ్లలో తల ముంచితే చాలు, అద్దంలో చూసినట్టు అడుగంతా కనిపిస్తుంది. మరి మన తీరంలో నడుము లోతులో నిలబడితే పాదాలు ఎందుకు కనిపించవు? మన దగ్గర పగడాల దిబ్బలు ఎందుకు లేవు? వీపున గాలి సిలిండర్‌తో లోతుకు దిగే స్కూబా డైవింగ్, నోట్లో గొట్టంతో నీటి పైనే తేలుతూ కిందికి చూసే స్నార్కెలింగ్ గురించి తెలుసుకోవాలంటే మొదలుపెట్టాల్సింది ఈ ప్రశ్న దగ్గరే.

పగడం చెట్టు కాదు, రాయీ కాదు. పాలిప్ అనే చిన్న మెత్తటి జీవి తన చుట్టూ సున్నంతో గిన్నె కట్టుకుంటుంది. అలాంటి లక్షల గిన్నెలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటే దిబ్బ అవుతుంది. ఆ జీవి శరీరంలో కంటికి కనిపించనంత చిన్న నాచు కాపురం ఉంటుంది. నాచు ఎండను పట్టి ఆహారం తయారుచేసి ఇంటి యజమానికి పెడుతుంది, యజమాని విసర్జించినదాన్ని ఎరువుగా తీసుకుంటుంది. ఈ ఇచ్చిపుచ్చుకోవడం సాగాలంటే ఎండ కావాలి, అంటే నీళ్లు తేటగా ఉండాలి. ఉప్పు తగ్గకూడదు. నీళ్లు సుమారు 23 నుంచి 29 డిగ్రీల మధ్య వెచ్చగా ఉండాలి. పైనుంచి మట్టి పడితే ఆ చిన్న నోళ్లు పూడిపోతాయి.

ఇప్పుడు మన తీరం చూద్దాం. విజయనగరం జిల్లాలో కోనాడ దగ్గర చంపావతి, శ్రీకాకుళం దిగువన నాగావళి, కళింగపట్నంలో వంశధార, బారువలో మహేంద్రతనయ, ఇచ్ఛాపురం వైపు బాహుదా. ఇన్ని నదులు వానాకాలంలో ఎర్రటి నీళ్లతో వచ్చి కలుస్తాయి. అది చాలదన్నట్టు గంగ, బ్రహ్మపుత్ర, మహానది తెచ్చిన మంచినీరు వానలు వెలిశాక తీరం వెంట ఉండే ప్రవాహంతో ఉత్తరం నుంచి దక్షిణానికి జారుతూ మన ముందు నుంచే వెళుతుంది. సముద్రం పైపొరలో ఉప్పదనం బాగా పడిపోతుంది. ఇలాంటి చోట పగడపు దిబ్బ కట్టుకోవడం అసాధ్యమనే చెప్పాలి. దేశంలో పెద్ద పగడపు దిబ్బలు కచ్ సింధుశాఖ, మన్నారు సింధుశాఖ-పాక్ అఖాతం, లక్షద్వీప్, అండమాన్ నికోబార్‌లకే పరిమితం కావడానికి కారణం ఇలాంటి లెక్కలే.

అయితే మన నీళ్లు మురికివి అనుకుంటే పొరపాటు. నది తెచ్చే మట్టితో పాటు ఎరువు కూడా వస్తుంది. దాంతో నీళ్లలో తేలే సన్నటి జీవాలు, అంటే ప్లవకాలు పెరుగుతాయి, వాటిని తిని కవ్వళ్లు పెరుగుతాయి, కవ్వళ్ల వెనకే వంజరం, చూర వస్తాయి. నీళ్లు అంత తేటగా ఉన్నాయంటే అందులో తిండి తక్కువని అర్థం. పగడపు దిబ్బ అలాంటి పేద నీళ్లలో ఉన్న కొద్దిపాటి ఆహారాన్ని తిప్పి తిప్పి వాడుకుంటూ బతికే ఎడారి ఒయాసిస్సు. కంటికి పండగ ఆ ఒడ్డున ఉంటే, కంచంలోకి చేప ఈ ఒడ్డున ఎక్కువ. ఒకదానితో పోల్చి ఇంకోదాన్ని తక్కువ చేయాల్సిన పని లేదు.

మన తీరంలో దిగి చూడటానికి ఏమీ లేదనీ కాదు. పూసపాటిరేగ మండలం చింతపల్లి దగ్గర కొండ మీద దీపస్తంభం ఉంది. భీమిలి వైపు వెళ్లే ఓడలు సముద్రంలోని రాళ్లకు కొట్టుకోకుండా హెచ్చరించడానికి 1847లో అక్కడ దీపం పెట్టారు. ఓడల్ని భయపెట్టిన రాళ్లే ఇవాళ డైవర్లకు ఆకర్షణ. ఇసుక నేల మీద ఒక రాయి లేచి ఉంటే చాలు, దాన్ని పట్టుకుని స్పాంజీలు, గుల్లలు పెరుగుతాయి, సందుల్లో చేపలు చేరతాయి. జాలర్లకు ఈ సంగతి మనకన్నా ఎప్పుడో తెలుసు. కొండ కొమ్మును, దీపస్తంభాన్ని గుర్తు పెట్టుకుని, ఆ రెండూ ఎక్కడ వరసకు వస్తాయో చూసి, వల చిరగకుండా గేలం వేయాల్సిన చోటు చెప్పగలరు. బారువ దగ్గర వందేళ్ల కిందటే మునిగిపోయిన చిల్కా అనే పాత స్టీమర్ కూడా అలాంటిదే. ఇనుప శకలం మెల్లగా రాయి పాత్రలోకి వచ్చి చేపలకు ఇల్లయింది.

కాకపోతే ఇక్కడ రోజు చూసుకుని దిగాలి. వానాకాలం, ఆ తర్వాతి రెండు మూడు నెలలు దిగినా చేయి చాస్తే వేళ్లు కనిపించని పరిస్థితి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా ప్రవాహం దిశ మారి దక్షిణం నుంచి ఉప్పునీరు ఉత్తరానికి వస్తుంది, నదులు సన్నబడతాయి, నీళ్లు కాస్త తేరుకుంటాయి. అప్పుడు కూడా అండమాన్ నీలం ఊహించుకుని వెళితే నిరాశే. ఇక్కడి నీళ్లు ఆకుపచ్చగా ఉంటాయి. ఆ ఆకుపచ్చలోంచి ఒక రాయి నల్లగా, నెమ్మదిగా రూపు కట్టడం వేరే అనుభూతి.

స్నార్కెలింగ్ గురించి చెప్పాల్సింది కొంచెమే, కానీ అది తెలియకే చాలామంది భయపడతారు. కావలసినవి మాస్కు, నోట్లో పెట్టుకునే గొట్టం, కాళ్లకు తొడుక్కునే తెడ్డు లాంటి ఫిన్స్. మాస్కు పని నీళ్లు కంట్లోకి పోకుండా ఆపడం ఒక్కటే కాదు. మన కన్ను గాలిలో చూడటానికి తయారైంది. నీళ్లు నేరుగా కంటికి తగిలితే వెలుగు సరిగ్గా వంగదు, అంతా మసక. మధ్యలో గాలి గది ఉంటేనే చూపు కుదురుతుంది. ఆ గాజు వల్ల వస్తువులు మూడో వంతు పెద్దగా, దగ్గరగా కనిపిస్తాయి. జానెడు చేపను మూరెడు అని చెప్పేవాళ్లు అబద్ధం చెబుతున్నట్టు కాదు. గొట్టం ఇంకా పొడుగ్గా ఉంటే ఇంకా లోతుకు వెళ్లొచ్చు కదా అని పిల్లలు అడుగుతారు. మీటరు లోతులో ఛాతీ మీద దాదాపు వంద కిలోల అదనపు బరువు పడుతుంది. పైనున్న మామూలు గాలిని అక్కడికి లాక్కునే బలం మన పక్కటెముకల మధ్య కండరాలకు లేదు. పైగా వదిలిన గాలే గొట్టంలో నిలబడి మళ్లీ లోపలికి వస్తుంది. అందుకే అది ఎప్పుడూ మూరెడుకు మించదు.

ఆ పరిమితిని దాటించింది రెగ్యులేటర్. 1943లో ఫ్రాన్స్‌లో నౌకాదళ అధికారి జాక్ కుస్టో, ఇంజనీరు ఎమిల్ గన్యాన్ కలిసి తయారుచేసిన పరికరానికి వారసురాలే ఇవాళ డైవర్ నోట్లో ఉండేది. చుట్టూ నీటి ఒత్తిడి ఎంత ఉందో అదే ఒత్తిడితో, అడిగినప్పుడే గాలి ఇస్తుంది. సిలిండర్‌లో ఉండేది మామూలు గాలి. పేపర్లలో, టీవీల్లో 'ఆక్సిజన్ సిలిండర్లతో దిగారు' అని రాయడం అలవాటైపోయింది కానీ అది తప్పు. స్వచ్ఛమైన ఆక్సిజన్ ఆరేడు మీటర్ల లోతు దాటితే విషమై మూర్ఛ తెప్పించగలదు. మనం వీధిలో పీల్చే గాలినే వడగట్టి, దాదాపు 200 బార్ల ఒత్తిడితో, అంటే మామూలు గాలి ఒత్తిడికి సుమారు 200 రెట్లతో కుక్కి నింపుతారు. మామూలుగా వాడే 11 లీటర్ల సిలిండర్‌లో అలా రెండు వేల లీటర్లకు పైగా పడుతుంది. నిమిషానికి ఇరవై లీటర్లు పీల్చే మనిషికి ఒడ్డున అది గంటన్నరకు పైనే వస్తుంది. పది మీటర్ల లోతులో సగమే, ఇరవై మీటర్లలో మూడో వంతే. టెన్షన్ పడి రొప్పితే అదీ రాదు. అనుభవం ఉన్న డైవర్ గాలిని పొదుపు చేసేది తక్కువ పీల్చి కాదు, తొందర లేకుండా ఉండి.

ఇక ఈ వ్యాసంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినవాళ్లకు, చెరువుల్లో ఈత నేర్చినవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. నీళ్లలో తల పెట్టగానే ఊపిరి బిగబడతారు. ఈతలో అది సరైన పని. స్కూబాలో ప్రాణాంతకం. పది మీటర్ల లోతులో ఒత్తిడి ఒడ్డున ఉన్నదానికి రెండింతలు. అక్కడ ఊపిరితిత్తుల నిండా గాలి పీల్చి, బిగబట్టి పైకి వస్తే ఆ గాలి రెండింతలు ఉబ్బుతుంది. ఉబ్బడానికి చోటు లేక ఊపిరితిత్తి చిరుగుతుంది, గాలి బుడగలు రక్తంలోకి చేరి మెదడుకు వెళ్లొచ్చు. దీనికి పది మీటర్లు కూడా అక్కర్లేదు, ఈత కొలను లోతు చాలు. అందుకే మొదటి క్లాసులో మొదటి పాఠం: ఊపిరి ఎప్పుడూ ఆపకూడదు. ఈత బాగా వచ్చినవాళ్లు 'మాకు సముద్రం కొత్తేమీ కాదు' అని శిక్షణ దాటవేస్తే, ఆ ధీమాయే వాళ్లను ప్రమాదంలో పడేస్తుంది. ఈత రానివాడు చెప్పింది చెప్పినట్టు చేస్తాడు, ఈతగాడి శరీరం పాత అలవాటు వైపు లాగుతుంది.

ఊపిరి బిగబట్టే ఆటలోనూ ఒక ప్రమాదం దాగి ఉంది. మునిగే ముందు గబగబా పది ఇరవై సార్లు గాలి పీల్చి వదిలితే ఎక్కువసేపు ఉండొచ్చని కుర్రాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటారు. గాలి కావాలని మెదడుకు చెప్పేది ఆక్సిజన్ తగ్గడం కాదు, కార్బన్ డయాక్సైడ్ పెరగడం. గబగబా ఊదేస్తే ఆ గంట మోగడం ఆలస్యమవుతుంది. ఈలోగా ఆక్సిజన్ అయిపోయి, ఏ బాధా తెలియకుండానే స్పృహ తప్పుతుంది. పక్కన చూసేవాడికి ఇంకా మునిగి ఉన్నాడనే అనిపిస్తుంది. పుష్కరిణిలో అయినా, పగడపు దిబ్బ మీదైనా ఈ ఆట వద్దు.

మొదటిసారి దిగేవాళ్లకు ముందు ఎదురయ్యేది చెవి. రెండు మూడు మీటర్లకే లోపల నొక్కినట్టు నొప్పి మొదలవుతుంది. ముక్కు మూసుకుని మెల్లగా ఊదితే లోపలి గాలి చెవిలోకి చేరి నొప్పి పోతుంది. ప్రతి మీటరుకూ, నొప్పి రాకముందే చేయాలి. జలుబు ఉంటే ఆ దారి మూసుకుని ఉంటుంది కాబట్టి ఆ రోజు దిగకూడదు. మూడు రోజుల ప్యాకేజీకి డబ్బు కట్టాం కదా అని దిగి చెవి పోగొట్టుకోవడం ఏమీ బాగోదు. కిందికి వెళ్లేకొద్దీ రంగులు ఒక్కొక్కటే ఆరిపోతాయి. ముందు ఎరుపు. పదిహేను, ఇరవై మీటర్లలో వేలు గీరుకుంటే రక్తం ఆకుపచ్చగా, నల్లగా కనిపిస్తుంది. టార్చి వేస్తే ఎర్రబడుతుంది.

గాలిలో ఎక్కువ భాగం నైట్రోజన్. లోతులో అది రక్తంలోకి, కొవ్వులోకి కరుగుతుంది. నెమ్మదిగా పైకి వస్తే నెమ్మదిగా ఊపిరితో బయటికి పోతుంది. ఉన్నట్టుండి వస్తే సోడా సీసా మూత తీసినట్టే, ఒళ్లంతా బుడగలు. బెండ్స్ అనేది ఇదే: కీళ్లలో నొప్పి, తిమ్మిరి, తీవ్రమైతే పక్షవాతం. 1908లో హాల్డేన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త మేకల మీద పరీక్షలు చేసి, ఎంత లోతు నుంచి ఎలా ఆగి ఆగి రావాలో మొదటి పట్టికలు ఇచ్చాడు. ఇవాళ నిమిషానికి తొమ్మిది మీటర్లకు మించకుండా లేవడం, అయిదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగడం మామూలు పద్ధతి. విమానం ఎక్కడానికి ఒక్కసారి దిగినవాళ్లయితే కనీసం 12 గంటలు, పలుమార్లు దిగినవాళ్లయితే 18 గంటలు ఆగాలి.

ఇందులో మన ప్రాంతానికి ప్రత్యేకంగా వర్తించేది ఒకటి ఉంది. ఉదయం విశాఖలోనో చింతపల్లిలోనో డైవింగ్, మధ్యాహ్నం అరకు అని టూరు వేసుకోవడం ఎవరికైనా సహజంగా తోచే ఆలోచన. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తు. అనంతగిరి ఘాట్‌లో దారి ఇంకా ఎత్తుకు వెళుతుంది. శరీరానికి కొండ ఎక్కడం, విమానం ఎక్కడం ఒకే జాతి పనులు. రెండిట్లోనూ బయటి గాలి ఒత్తిడి తగ్గుతుంది, మిగిలిన నైట్రోజన్ బుడగ కట్టే అవకాశం పెరుగుతుంది. లోతుగా, రెండు మూడుసార్లు దిగినవాళ్లు ఆ రోజు కొండ ఎక్కకపోవడమే మంచిది. అరకు ముందు చూసి, సముద్రం తర్వాత పెట్టుకుంటే ఏ తంటా లేదు.

నీటి అడుగు గుహల సంగతికి వస్తే, కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా వెళ్లే కిరండూల్ రైల్లో బొర్రా దాకా వెళ్లొచ్చినవాళ్లకు చెప్పడం తేలిక. పైకప్పు నుంచి వేలాడే సున్నపు ఊడలు, కింద నుంచి మొలిచిన స్తంభాలు గుర్తు తెచ్చుకుని, ఆ గుహంతా కప్పు దాకా తేట నీళ్లతో నిండినట్టు ఊహించుకోవాలి. మెక్సికోలోని యుకటాన్‌లో సెనోటేలు అనే నీటి గుహలు అలాంటివే. అక్కడి ఊడలు నీళ్లలో పుట్టినవి కావు, చుక్క గాలిలో వేలాడితే తప్ప ఊడ కట్టదు. సుమారు ఇరవై వేల ఏళ్ల కిందట మంచుయుగంలో సముద్రం ఇప్పటికన్నా 120 మీటర్లు కిందికి ఉన్నప్పుడు ఆ గుహలు పొడిగా ఉండేవి. అప్పుడు శ్రీకాకుళం ఒడ్డు కూడా ఇప్పటి తీరానికి తూర్పున ఎన్నో కిలోమీటర్ల దూరంలో ఉండేది. సాక్ ఆక్టున్, డోస్ ఓహోస్ అనే రెండు గుహల వరసలు కలిసే ఉన్నాయని 2018లో తేలింది. అప్పటికి కొలిచిన మొత్తం పొడవు 347 కిలోమీటర్లు. మంచినీరు పైన, ఉప్పునీరు కింద నిలిచే ఆ గుహల్లో రెండూ కలిసే చోట చూపు చెదిరిపోతుంది. గ్లాసు నీళ్లలో పాకం పోసినప్పుడు కనిపించే జిగలా ఉంటుంది.

గుహలో ప్రమాదానికి కారణం లోతు కన్నా కప్పు. సముద్రంలో ఏం జరిగినా పైకి దారి ఉంటుంది. గుహలో పైన రాయి ఉంటుంది, బయటికి రావాలంటే వచ్చిన దారినే వెనక్కి రావాలి. ఫిన్ ఒక్కసారి నేలకు తగిలితే లేచే సన్నటి ఒండ్రు మన వంశధార వరద నీళ్ల కన్నా చిక్కగా కమ్ముతుంది, లైటు వేసినా చేయి కనిపించదు. అందుకే గుహ డైవర్లు ద్వారం నుంచి తాడు కట్టుకుంటూ వెళతారు. గాలిలో మూడో వంతు లోపలికి, మూడో వంతు తిరుగు ప్రయాణానికి, మిగిలింది ముట్టుకోకుండా ఆపదకు. ఒక్కొక్కరి దగ్గర మూడు లైట్లు. పగటి వెలుతురు కనిపించేంత వరకే వెళ్లడం ఒక స్థాయి శిక్షణ, అది దాటడం పూర్తిగా వేరే చదువు. 2018లో థాయ్‌లాండ్‌లోని థామ్ లువాంగ్ గుహలో పన్నెండు మంది పిల్లలు, వాళ్ల కోచ్ చిక్కుకున్నప్పుడు తెలుగు ఇళ్లలో కూడా టీవీల ముందు అందరూ ఊపిరి బిగబట్టారు. లోపల గాలి సిలిండర్లు పెట్టి తిరిగి వస్తూ సమాన్ కునాన్ చనిపోయాడు. నౌకాదళంలో పనిచేసిన డైవర్ ఆయన. మునిగిన ఓడ లోపలికి దూరడమూ గుహలో దూరడం లాంటిదే. చిల్కా లాంటి శకలాల్ని బయట నుంచి చూడటం వేరు, లోపలికి తొంగిచూడాలన్న ఆశ వేరు.

పగడాల దగ్గరికి మళ్లీ వస్తే, అవి ఇవాళ కష్టంలో ఉన్నాయి. వేసవిలో ఉండే గరిష్ఠ వేడి కన్నా నీళ్లు ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు నిలిస్తే చాలు, పాలిప్ తన లోపలి నాచును బయటికి నెట్టేస్తుంది. రంగు ఆ నాచుదే కాబట్టి పగడం పారదర్శకమై, లోపలి సున్నపు ఎముక తెల్లగా కనిపిస్తుంది. ఆ క్షణానికి అది చావలేదు, ఆకలితో ఉంది. నీళ్లు త్వరగా చల్లబడితే నాచు తిరిగి వస్తుంది, లేకపోతే లేదు. అండమాన్ 1998, 2010, 2016లలో ఈ దెబ్బ తిన్నది. ప్రపంచవ్యాప్తంగా నాలుగోసారి పగడాలు తెల్లబడుతున్నాయని శాస్త్రవేత్తలు 2024 ఏప్రిల్‌లో ప్రకటించారు. పడవ లంగరు, అదుపు తప్పిన ఫిన్ దెబ్బ, నిలబడి ఫొటో దిగడానికి ఆనుకున్న పాదం, ఇవన్నీ దాని మీద అదనపు భారం. కొమ్మల పగడం ఏడాదికి పది సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది, గుండ్రంగా బండలా పెరిగేది ఏడాదికి ఒక్క సెంటీమీటరు. మనిషి ఎత్తు బండ పగడం మన ముత్తాతల కన్నా పెద్దది.

అండమాన్ చుట్టాలు వచ్చేటప్పుడు గవ్వలు, పగడపు కొమ్మలు తేవడం ఒకప్పుడు మామూలే. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001లో పగడాల్ని చేర్చారు. అంటే చట్టం దృష్టిలో పగడపు ముక్క, పులి చర్మం ఒకే వరసలో ఉన్నాయి. ఒడ్డున పడి ఉన్నది ఏరుకొచ్చినా నేరమే. పాత ఇళ్ల షోకేసుల్లో, పెళ్లి ఫొటో పక్కన అలాంటి తెల్లటి కొమ్మ ఒకటి ఇంకా కనిపిస్తూ ఉంటుంది. నీళ్లలో ఉన్నప్పుడు అది తెల్లగా లేదు, గోధుమ రంగులోనో పసుపు కలిసిన ఆకుపచ్చలోనో ఉండేది. దుమ్ము తుడిచి వెలుతురుకు పట్టుకుని చూస్తే దాని మీద ఆవగింజంత గుంటలు వందలకొద్దీ కనిపిస్తాయి. ఒక్కో గుంటలో నక్షత్రంలా సన్నటి గీతలు. ఒక్కో నక్షత్రంలో ఒక పాలిప్ కూర్చుని, రాత్రిపూట చేతులు చాచి తిండి పట్టుకునేది.